రెండో భాగం చదవకముందు

సంచిలో బరువైనవి అడుగున పెట్టాలి, అందుకని ముందు పుస్తకం పెట్టాను. దాని మీద మూడు చీరలు, తువ్వాలు, దువ్వెన, పాత గుడ్డలో చుట్టిన బలం మందు సీసా, అన్నిటికీ పైన సున్నుండల డబ్బా, ఆ పిల్ల ఒంట్లో రక్తం లేదని డాక్టరమ్మ చెప్పింది కదా. హారతి మంచం మీద కూర్చుని చూస్తోంది. కోడలి సంచి అత్త సర్దడం ఏంటి, తనే సర్దుకోగలదు, పదకొండు రోజులయింది, లేచి తిరుగుతోంది. కానీ చేతులు ఖాళీగా ఉంటే నోరు తెరవాల్సి వస్తుందని నాకు భయం, అందుకని మడిచిన చీరే విప్పి మళ్ళీ మడిచాను. పుస్తకాలు రెండున్నాయి, బియ్యెస్సీ వాళ్ళు చదివే భౌతిక రసాయన శాస్త్రం, మొదటి భాగం, రెండో భాగం. రెండూ పెట్టబోతుంటే, "మొదటిది మీరుంచుకోండత్తయ్యా, సగంలో ఉన్నారు కదా. నాకు రెండోది చాలు," అంది. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. మళ్ళీ రాననుకున్న మనిషి పుస్తకాల జత విడగొట్టి ఒకటి ఇక్కడ వదులుతుందా? నేను అన్నది ఒక్కటే, "ఇవాళ మంగళవారం, మంగళవారం వెళ్ళకు" అన్నాను. వెళ్ళకు అనలేదు.

అది అయిదేళ్ళ కిందటి సంచి. ఇవాళ్టి సంచి నా ఒళ్ళో ఉంది, మండపేట బస్సులో, కిటికీ పక్కన. దీని అడుగున ఆ మొదటి భాగమే, దాని మీద రవికల గుడ్డ, పసుపుకొమ్ములు, చక్కెరకేళీ అరటిపళ్ళు. కుంకుమ భరిణె మాత్రం సంచిలో పెట్టలేదు, దారిలో ఒలికితే ఏ కీడో అని గుప్పిట్లో పట్టుకున్నాను. ధవళేశ్వరంలో బస్సెక్కుతుంటే ఎదురుగా మూడు బస్సులు జనాన్ని దింపుతున్నాయి, పుష్కరాలు కదా, మెట్టు మెట్టుకీ మనుషులే. ఈ బస్సులో మాత్రం సగం సీట్లు ఖాళీ. "లోకమంతా గోదాట్లో మునగడానికి ఇటొస్తుంటే మామ్మగారేంటండీ ఎదురెళ్తున్నారు! మునిగేశారా?" అన్నాడు కండక్టరు. మునిగాను బాబూ అన్నాను. మునగలేదు. పన్నెండేళ్ళకి గానీ మళ్ళీ రాదంటారు, రానీ, నాకు ఈ పని ముందు. రేపు వరలక్ష్మీ వ్రతం, శుక్రవారం పూట ఆడపిల్లని పుట్టింటి నుంచి పంపరు, అందుకే ఇవాళే గురువారం నాడు వెళ్ళి పిలిచి తీసుకొచ్చెయ్యాలి. తీసుకొచ్చెయ్యాలి అంటున్నాను, వస్తుందో రాదో. వస్తుంది. వస్తుందా?

సర్దిన సంచి నేను చూడలేను, ఇవాళ కాదు, పన్నెండో ఏట నుంచీ. మా అమ్మ నన్ను అత్తారింటికి పంపుతూ రేకుపెట్టె సర్ది కాలవ పడవలో పెట్టించి, దసరాకి తీసుకొస్తాంలే ఏడవకు అంది, ఆ వర్షాల్లోనే కలరాకి పోయింది, పెట్టె అడుగున తను పెట్టిన వేపాకులు ఎండి పొడైపోయాక గానీ నాకు పుట్టిల్లు చూడడం పడలేదు. మా ఆయనకి ఆస్పత్రికి సంచి సర్దింది కూడా నేనే, గ్లాసు, దుప్పటి, చదవడానికి పాత వారపత్రిక. సంచి వెనక్కి వచ్చింది, గ్లాసు కూడా వచ్చింది. కాబట్టి ఎవరు బయల్దేరినా నేను చెయ్యకూడనివన్నీ లెక్కపెట్టుకుంటాను, వెనక నుంచి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు, గడప దాటిన వెంటనే ఇల్లు ఊడవకూడదు. ఆ మంగళవారం బస్సు మలుపు తిరిగిందో లేదో చీపురు తీసుకుని గది ఊడ్చేశాను. ఎందుకు ఊడ్చానో తెలీదు. మంచం కింద సుద్దముక్క ఒకటి దొరికింది.

వేమగిరి దాటింది. రోడ్డు మీద గుంత, సంచి ఎగిరి పడింది, భరిణె గట్టిగా పట్టుకున్నాను. ఈ కుదుపు. ఈ కుదుపుల గురించే కదా.

హారతి సాయంత్రం అయిదింటి బస్సుకి వచ్చేది, రాజమండ్రి కాలేజీలో పాఠం చెప్పి, వేళ్ళకి సుద్ద అలాగే ఉండగా వంటింటి గుమ్మంలో కూలబడేది. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా ఆయన కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు, నీటిమట్టం రాసే పలక మీద అంకెలు నేర్పారు, అంకెల పక్కన ఉన్న మాటలు నేనే కూడబలుక్కున్నాను, ఆ తరవాత దొరికిందల్లా చదివాను. అర్థం కానివి మరీ ఇష్టంగా చదివేదాన్ని. ఓ రోజు కోడలి పుస్తకం పీటమీద పెట్టుకుని పప్పు ఏరుతుంటే హారతి చూసి నవ్వింది, "అత్తయ్యా, ఎంట్రోపీ చదువుతున్నారా, మా పిల్లలు అది చూస్తే పారిపోతారండీ," అని. అప్పట్నుంచి రోజూ పాఠమే. ఏదైనా ఒక మార్పు తనంతట తను జరుగుతుందా, లేక ఎవరైనా పూనుకుంటే గానీ జరగదా, ముందే చెప్పడానికి ఒక సంఖ్య ఉందంది. గిబ్స్ అనే ఆయన కనిపెట్టాడట. ప్రపంచంలో దేనికైనా రెండు కోరికలుంటాయి అత్తయ్యా, ఒకటి లోపలి వేడి వదిలించుకుని కుదుటపడాలని, రెండోది చెదిరిపోయి చోటు చేసుకోవాలని. మొదటి దాంట్లోంచి రెండోదాన్ని తీసెయ్యాలి, ఊరికే కాదు, అక్కడి ఉష్ణోగ్రతతో హెచ్చించి తియ్యాలి. మిగిలింది సున్నాకి కిందైతే జరుగుతుంది, పైనైతే జరగదు. అదే స్వేచ్ఛాశక్తిలో మార్పు. తెలుగు పుస్తకంలో ఆ జరగడాన్ని అయత్నీకృత చర్య అని రాశారు, ఎవరి ప్రయత్నమూ లేకుండా అయ్యేది.

గుల్ల సున్నం లెక్క నా చేతే వేయించింది. సముద్రపొడ్డున ఆల్చిప్ప వేయి ఏళ్ళు పడి ఉన్నా ఆల్చిప్పే, మన ఎండకి దాని సంఖ్య సున్నాకి చాలా పైన ఉంటుంది. అదే బట్టీలో వేసి ఎర్రగా కాలిస్తే, వేడి పెరిగేకొద్దీ చెదరాలనే కోరిక బరువెక్కి బరువెక్కి, ఎనిమిది వందల డిగ్రీలు దాటాక ఒకచోట సంఖ్య సున్నా తాకి కిందకి దిగిపోతుంది, అప్పుడు గుల్లలోంచి గాలి వెళ్ళిపోయి సున్నం మిగులుతుంది. కాగితం మీద బొగ్గుతో గుణించి, తీసి, చివరికి సున్నా దగ్గరికి వచ్చిన రోజు నేను పులుసు మాడ్చాను. గణేష్‌బాబు అన్నం ముందు కూర్చుని, "అత్తాకోడళ్ళిద్దరూ కలిసి పులుసుని బొగ్గు చేశారు, ఇది అయత్నీకృతమేనా?" అన్నాడు. వాడు అలా నవ్వడం నాకు జ్ఞాపకం ఉన్నంతలో అదే ఆఖరు. నా కొడుకు చెడ్డవాడు కాదు. కానీ ఒకసారి మాట అనేశాక ఆ మాట మీంచి లేవడు, వాళ్ళ నాన్నా అంతే.

"ఎక్కడికండీ పిన్నిగారూ?" పక్కన వచ్చి కూర్చున్నావిడ అడిగింది. తడి జుట్టు, సీసా నిండా గోదావరి నీళ్ళు, కాళ్ళ దగ్గర బుట్టలో నల్ల కవర్లలో మొక్కల అంట్లు నాలుగు. పేరు చిట్టెమ్మట, కడియం నర్సరీల్లో పని, పుష్కరాలకొచ్చినవాళ్ళకి అంట్లు అమ్ముకుని, పనిలో పని ఓ మునక మునిగి వెళ్తోందట. మండపేట అన్నాను, కోడల్ని తీసుకురావడానికి.

"పురిటికెళ్ళిందాండీ?"

అవునన్నాను. ఎందుకు అవునన్నానో. నోరు అవునంది.

"ఎవరండీ?"

"ఆడపిల్ల."

"మహాలక్ష్మండీ! ఎన్నాళ్ళయిందేంటి?"

"అయిదు" అన్నాను, ఏళ్ళు అనకుండా అక్కడే ఆపేశాను.

"అయిదో నెలా! అయిదు నెలలు ఉంచేశారేంటండీ బాబూ, మూడో నెలకే తెచ్చేసుకుంటారు కదా. ఇంకా నయం, పిల్ల నడిచొచ్చేస్తుంది మీరెళ్ళేసరికి!" అని పకపకా నవ్వి, నా మొహం చూసి, "ఏదో ఏలాకోలానికన్నాను లెండి," అంటూ బుట్టలోంచి ఒక అంటు తీసి నా సంచి పక్కన పెట్టింది. "సన్నజాజండీ. డబ్బులొద్దు, మనవరాలికి. దాని జడకి పూలొచ్చేసరికి ఇదీ పందిరెక్కుతుంది." కడియంలో దిగిపోయింది. నేను దిగి పరిగెత్తి నిజం చెప్పాలనుకున్నాను. బస్సు కదిలింది.

అయిదో నెలే. అయిదో నెలలోనే పోయింది లోపలి బిడ్డ, ఆడపిల్లేనని డాక్టరమ్మ నాకొక్కదానికే చెప్పింది. హారతికి ఇంకా మత్తు వదల్లేదు. నాలుగోనాడు పక్కింటి సుబ్బాయమ్మ పలకరించడానికొచ్చి దొడ్లో నించుని, ఎలా జరిగింది వీరవేణిగారూ అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. నేనేం చెప్పాలి? ఎవరి తప్పూ లేదని చెప్పచ్చు, డాక్టరమ్మ కూడా అదే అంది. నేను, "వద్దంటే విన్నదా, రోజూ ఆ బస్సు కుదుపులు, ఇంకేం నిలుస్తుంది," అన్నాను. ఏదో ఒక కారణం చెప్పకపోతే ఆ దుఃఖం పట్టుకోవడానికి పిడి లేనట్టుండి అన్నాను. దొడ్డి వైపు గది కిటికీ తెరిచే ఉంది. నేను తల తిప్పేసరికి కిటికీ రెక్క నెమ్మదిగా దగ్గరికి వస్తోంది, లోపలి నుంచి, చప్పుడు కాకుండా. నేను చూశానని హారతికి తెలుసు, అది విందని నాకు తెలుసు. వారం రోజులు ఇద్దరం ఆ మాట చుట్టూ తిరిగి నడిచాం. ఆ తరవాత, "కొన్నాళ్ళు నాన్న దగ్గరుంటానండీ," అంది.

ఆషాఢం కాబట్టి ఊళ్ళో ఎవరూ పెద్దగా అడగలేదు. సుబ్బాయమ్మ మాత్రం, "మూడో ఏడు కూడా ఆషాఢం పట్టింపేంటండీ, మీరు మరీనూ," అంది. శ్రావణం వస్తుంది, అప్పుడు పిలుద్దామనుకున్నాను. పిలవాలంటే పద్ధతుంది కదా, వెళ్ళి గడపలో బొట్టు పెట్టి, రవికల గుడ్డ చేతిలో పెట్టి, రా అమ్మా అనాలి, అప్పుడు గానీ వెళ్ళిన ఆడపిల్ల రాదు, రాకూడదు. బిడ్డ ఉంటే బిడ్డని చూసే వంకతో వెళ్ళచ్చు. ఏ మొహంతో వెళ్ళను? పైగా నా చెయ్యి కుంకుమ పెట్టే చెయ్యి కాదు, మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. ముత్తయిదువని పంపాలంటే మాకు దగ్గరున్నది సుబ్బాయమ్మే, ఆవిడ గుమ్మంలో కనిపిస్తే హారతికి ఏ మాట గుర్తొస్తుందో నాకు తెలుసు. గణేష్‌బాబుని అడిగితే, "నేను పంపానా? తనంతట తను వెళ్ళింది, తనంతట తనే వస్తుంది," అన్నాడు.

తనంతట తనే. ఆ మాటతోనే నేను పుస్తకం దగ్గరికి వెళ్ళాను. ముసలిదాన్ని, సిగ్గుపడాల్సిన పని, అయినా చెప్తాను, కోడలు తిరిగొస్తుందా రాదా అని గిబ్స్ లెక్క వేశాను. పుట్టింట్లో రెండు గదులు, అన్నావదినా, ఓ మూల; ఇక్కడైతే ఇల్లంతా తనదే, గూట్లో పుస్తకాలు, తీగ మీద చీరలు, కిటికీలో సుద్దముక్కలు, ఎంత చెదురుకుని ఉండచ్చో. అంటే రెండో కోరిక ఇటువైపే. ఇక మొదటిది, అక్కడ లోపల దాచుకున్న కోపం ఇక్కడికొచ్చి నాలుగు మాటలు అనేస్తే చల్లబడుతుంది, అదీ ఇటువైపే. రెండూ ఇటే ఉంటే ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా సంఖ్య సున్నాకి కిందే, వేసవైనా వానైనా. పుస్తకంలో పెట్టె కట్టి మరీ అచ్చేశారు ఆ వాక్యం. అయత్నీకృతం. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. మంగళవారం, ఆషాఢం, నా చెయ్యి, నా మొహం, అన్ని సాకుల్లోకీ మర్యాదగా కనిపించింది అదే, శాస్త్రం కదా. శ్రావణం వెళ్ళింది. సంఖ్య మారలేదు. మళ్ళీ శ్రావణం వచ్చింది, వెళ్ళింది. అయిదింటి బస్సు చప్పుడవగానే పొయ్యి మీద పాలు పెట్టేదాన్ని. మండపేటలోనే ఏదో కాలేజీలో చేరిందని తెలిసింది. పాలు తోడేసేదాన్ని.

ద్వారపూడి గేటు పడింది. బస్సు ఆగింది, రైలెప్పుడొస్తుందో. ఇంజను ఆపేశాడు.

పోయిన నెల్లో మా శాఖా గ్రంథాలయంలో చెదలు తిన్న పుస్తకాలు ఏరి బయటపెడుతుంటే, వాటిలో రెండో భాగం కనిపించింది. అట్ట లేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని మొదటి పాఠం చదివాను. రాసినాయన ఎవరో, ఎదురుగా కూర్చుని నాకే చెప్పినట్టు రాశాడు. సంఖ్య సున్నాకి కింద ఉందంటే ఆ చర్య జరగగలదని మాత్రమే అర్థం, ఎప్పుడు జరుగుతుందో ఆ సంఖ్య చెప్పదు. కాగితానికీ గాలికీ మధ్య చర్యకి ఆ సంఖ్య చాలా చాలా కింద ఉంటుంది, అయినా మీ చేతిలో ఈ పుస్తకం కాలిపోవడం లేదు. మధ్యలో ఒక గట్టుంది. అవతల ఎంత పల్లమైనా ముందు ఆ గట్టెక్కాలి, ఎక్కించడానికి ఒక్క అగ్గిపుల్ల కావాలి. అది గీసేవాళ్ళు లేకపోతే వందేళ్ళయినా కాగితం కాగితంలాగే ఉంటుంది. నేను ఆ పేజీ మళ్ళీ మొదట్నుంచి చదివాను. ముప్పై ఏళ్ళు లాకుల దగ్గర కాపరం చేసినదాన్ని. నీరు పల్లమెరుగు అని నేనంటే, "ఎరుగు, ఎరక్కేం! అయినా తలుపు ఎత్తాలి కదే, అందుకే కదా నాకు జీతం," అనేవారు మా ఆయన. కాలవ నిండుగా ఉంది, అవతల చేను ఎండుతోంది, నేను గట్టుమీద కూర్చుని నీళ్ళు వాటంతట అవే వస్తాయని పుస్తకం చదువుకున్నాను. మొదటి భాగం. సగం పాఠం. రెండో సగం నా చేతులతో నేనే ఆ సంచి అడుగున పెట్టి పంపేశాను.

రైలు వెళ్ళింది. గేటు లేచింది. కొడుకుతో నిన్న, "రేపు మండపేట వెళ్తున్నాను" అన్నాను. వాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ చాలాసేపు అదే గుండీ దగ్గర ఉండిపోయి, "ఎండగా ఉంటుంది, గొడుగు పట్టుకెళ్ళు," అన్నాడు. వద్దనలేదు. గొడుగు నేనే మర్చిపోయాను. ఉడికిన వడ్ల వాసన, మిల్లు గొట్టాలు, లారీలు, ఊక బూడిద రోడ్డు పక్కన నల్లగా. దిగండి మామ్మగారూ, ఇదే మండపేట. సంచి, మొక్క పట్టుకుని దిగాను.

తలుపు తీసింది హారతే. కళ్ళజోడు వచ్చింది. కణతల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు, ముప్పై మూడేళ్ళకే. వెనక నుంచి వాళ్ళ నాన్న చంద్రరావు గారు, మిల్లులో బాయిలరు చూసే ఆయన, "అక్కయ్యగారా! రండి, రండి," అంటూ కుర్చీ తుడిచారు. నేను కూర్చోలేదు. గడపలోనే భరిణె మూత తీశాను, బిగుసుకున్నది ఒక్కసారిగా ఊడొచ్చి సగం కుంకుమ గుమ్మం మీదే ఒలికింది. నా చేత్తో పెట్టించుకుంటుందా అనుకున్నాను. హారతి కళ్ళజోడు తీసి, తల వంచి, నా వేలు ఎక్కడ ఆగితే అక్కడే పెట్టించుకుంది. రవికల గుడ్డ తీసుకుంది. "బస్సు కుదుపులు కాదమ్మా," అన్నాను.

"తెలుసండీ," అంది. "మీకు తెలుసో లేదో అదే తెలీలేదు నాకు."

రా అమ్మా అన్నాను. రేపు వ్రతం, వెళ్దాం రా. హారతి లోపలికి వెళ్ళి ఆ పాత సంచి తెచ్చింది, ఖాళీది, మడిచి ఉంది. దాని పిడి సవరించింది. "ఆ ఏడు ఈ సంచి విప్పలేదత్తయ్యా. నాన్న విప్పనివ్వలేదు. ఏ రోజైనా వచ్చి పిలుస్తారు, సర్దింది సర్దినట్టే ఉండాలనేవారు. సున్నుండలు పాడైపోతాయని డబ్బా ఒక్కటే తీశాం. కట్టుకోవడానికి వదిన చీరలే కట్టుకున్నాను. శ్రావణం, భాద్రపదం, దసరా, దీపావళి. మిల్లు ముందు ఏ బస్సాగినా నాన్న బాయిలరు వదిలి బయటికొచ్చి చూసేవారు." చంద్రరావు గారు గోడ వైపు తిరిగారు. "కార్తీక పౌర్ణమి మర్నాడు విప్పేశానండీ. అన్నీ తీసి అలమర్లో పెట్టేసుకున్నాను. మళ్ళీ సర్దలేనండీ. కోపం కాదు."

కోపం అయితే బాగుండేది. వేడి మిగిలి ఉండేది. గోడకి వేసిన సున్నం ఎండి రాయైపోయాక నీళ్ళు పోస్తే మళ్ళీ ముద్దవదు. కాఫీ ఇచ్చింది, తాగాను. మొదటి భాగం తన చేతికిస్తే, తీసుకోకుండా లోపల్నుంచి రెండోది తెచ్చి దాని మీద పెట్టి, "రెండూ మీ దగ్గరే ఉండనీయండి, జత," అంది. సంచి నేనే సర్దుకున్నాను, బరువైనవి అడుగున. సన్నజాజి అంటు వాళ్ళ దొడ్లో నూతి పక్కన పెట్టించాను. ఎవరికోసమని హారతి అడగలేదు, నేను చెప్పలేదు.

హారతి నా కోడలు. ధవళేశ్వరంలో మా ఇంటి నుంచి 1998 జూలై 14, మంగళవారం, పొద్దున్న తొమ్మిదింపావు బస్సుకి వెళ్ళింది. తిరిగి రాలేదు.